సరాసరి లోతు

ఒక కరణంగారు పెళ్లాంబిడ్డలతో ఏరు దాటబోతూ కర్ర పెట్టి లోతు చూశాడట. ఒడ్డున చీలమండబంటి, నడుమ నిలువు లోతు. కూడి భాగిస్తే సరాసరి నడుంబంటి తేలింది. "ఫరవాలేదు, దిగండి" అన్నాడు. పిల్లలు కొట్టుకుపోయాక ఆయన ఇసుకలో వేసిన లెక్క మళ్లీ చూసుకున్నాడట. లెక్క సరిగ్గానే ఉంది, మరి పిల్లలేమయ్యారు?

మధుమేహం ఉన్నవాళ్లలో చాలామంది ఈ కరణంగారి శిష్యులే. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుంటారు. నెత్తుటిలోని ఎర్రకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చూసి, గడిచిన రెండు మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష అది. మంచి పరీక్షే. ముందు రెండ్రోజులు మిఠాయి మానేసి డాక్టరుగారి కళ్లు కప్పే వాళ్ల ఆటలు దాంతో కట్టయ్యాయి. కానీ 150 దగ్గర నిలకడగా ఉండే మనిషికీ, అన్నం తినగానే 250కి ఎగబాకి తెల్లవారుజామున 50కి జారిపోయే మనిషికీ సరాసరి ఒకటే కావచ్చు. రెండో మనిషికి నిద్రలోనే ముప్పు.

ఆ ఎత్తుపల్లాలు చూపించేదే ఇప్పుడు జబ్బకు అతికించుకుంటున్న బిళ్ల. రూపాయి కాసు కన్నా కాస్త పెద్దది. దాని నుంచి వెంట్రుకలాంటి తీగ చర్మం కిందికి దిగి, కణాల మధ్య ద్రవంలో చక్కెరను కొలిచి సెల్‌ఫోనుకు కబురు పంపుతుంది. నెత్తుటి కన్నా కొద్ది నిమిషాలు ఆలస్యంగా చెబుతుందనుకోండి. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి పరికరం మూడు రోజుల లెక్క రాసుకుని, తర్వాత డాక్టరుకు చూపించేది. రోగికి అంకె కనబడేది కాదు. ఇప్పుడు రోగే చూసుకుంటాడు. దొంగా తనే, తలారీ తనే!

కావలి ఉంది కదా అని బుద్ధిగా ఉండటం కూడా ఒక నీతేనా అని అడగొచ్చు. అడగాల్సిందే. కానీ అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. దానికోసం అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలి.

ఆ కొండల్లోని గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి తరతరాలుగా వస్తోంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఈ వ్యాధిలో కణాలు కొడవలిలా వంగి, తొందరగా చితికిపోతాయి. ఇక చక్కెర అంటుకోవడానికి వ్యవధి ఏదీ? అందుచేత ఒంట్లో చక్కెర ఎక్కువున్నా హెచ్‌బీఏ1సీ తక్కువ చూపించవచ్చు. చోడి అంబలి తాగి కాఫీ తోటకు పనికి పోయే మనిషికి మధుమేహం వస్తే, "నీకేం లేదు, పో" అంటుంది కాగితం. పట్నంలో మనం సరాసరి చాటున మనల్ని మనమే మోసం చేసుకుంటాం. అక్కడ సరాసరే మనిషిని మోసం చేస్తుంది.

బిళ్లకు కణాల వయసుతో పని లేదు. చక్కెరనే కొలుస్తుంది. అయితే రెండు వారాలకోసారి మార్చాలి, ఖర్చు వేలల్లో. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లకే అది అందని మానిపండు.

"రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్లు కొద్దిమందే కదా!" అంటారేమో. అదీ కరణంగారి లెక్కే. జనాభా సరాసరిలో కొద్దిమంది ఎప్పుడూ కనబడరు. మునిగేది మాత్రం వాళ్లే.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. అందులో వ్యాధి ఉందని తేలిన మనిషి చక్కెర చూపించుకోవడానికి వచ్చినప్పుడు, సరాసరిని నమ్మి పంపేయకుండా వేలి చివర చుక్క నెత్తురు తీసి గ్లూకోమీటరులో పెట్టాలి. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి. బిళ్ల చెప్పినంత వివరంగా చెప్పకపోయినా, ఆ పూట నిజం ఆ పూట చెబుతుంది.

బిళ్ల కొనుక్కోగలిగిన మనం అర్ధరాత్రి ఫోను మోగితే విసుక్కుంటాం. విసుక్కుంటే విసుక్కుందాం, కానీ లేచి మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకుందాం. వేళకు నిజం తెలియడం మన గొప్పేం కాదు. మన వంతు ముందొచ్చింది, అంతే. కొండ మీది వాళ్ల వంతు ఎప్పుడని అడగటం కూడా మన పథ్యంలో భాగమే.