కఱ్ఱ లేపలేని బిడ్డ

పఠనభాగము: 2 రాజులు 4:8–37

షూనేము గ్రామమందలి ఘనురాలైన ఒక స్త్రీ దైవజనుడైన ఎలీషా కొఱకు తన యింటి మేడమీద చిన్న గది యొకటి సిద్ధపఱచెను. అందులో ఆమె ఉంచినవి నాలుగే వస్తువులు: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. చెంతనున్న జియా సరాయ్ ఇఱుకు సందులలో నేడును అట్టి గదులు అంతస్తుమీద అంతస్తుగా కలవు. సరాయి అనగా బాటసారులు దిగు సత్రము. దేశపు నలుమూలలనుండి పోటీ పరీక్షలకు చదువవచ్చిన యువతీయువకులు ఆ గదులలో అద్దెకుందురు. వారిలో తెలుగువారును కలరు. మంచము, బల్ల, కుర్చీ, దీపము. అంతకు మించి అందు చోటులేదు. ఆ సందుల మీదుగా ప్రతి చలికాలమును ఢిల్లీ పొగమంచు దిగును.

షూనేమీయురాలి మేడగదిలో ఒక మధ్యాహ్నమున ఆమె ఏకైక కుమారుడు ఊపిరిలేక పరుండెను. అది కోతకాలము. ఉదయమున బాలుడు కోతగాండ్రయొద్దనున్న తండ్రి చెంతకు పోయి, తల పోటని మొఱపెట్టెను. తండ్రి పని విడువలేదు. బిడ్డను తల్లియొద్దకు మోసికొనిపొమ్మని పనివానితో చెప్పెను. బాలుడు మధ్యాహ్నమువఱకు తల్లి తొడమీదనే యుండి చనిపోయెను. వ్యాధి యేదో గ్రంథము చెప్పదు. వడదెబ్బయని కొందఱు వ్యాఖ్యాతలు తలంచిరి. తండ్రి క్రూరుడు కాడు. బిడ్డ జబ్బు తల్లి పనియని మాత్రమే అతడు తలంచెను. ఎన్ని గృహములలో నేటికిని అదే తలంపు లేదు?

ఆ తల్లి నోట ఒక హెబ్రీమాట రెండుమారులు వినబడుచున్నది: షాలోమ్. క్షేమమని దాని భావము. భర్తతో ఆమె ఆ మాటయే చెప్పెను; ప్రవక్త సేవకుడు ఎదురై బిడ్డ సుఖమా యని అడిగినప్పుడును అదే చెప్పెను. ఢిల్లీలో కాపురమున్న తల్లియు స్వగ్రామముననున్న అత్తగారికి ఫోనులో ఆ మాటయే చెప్పును. రాత్రియంతయు పిల్లవాడు పిల్లికూతలతో ఆయాసపడెనని ఆమె చెప్పదు. పదునాఱేండ్ల పిల్లయు పరీక్ష దగ్గఱపడినదని తన ఆయాసమును దాచుకొనును. క్షేమమను మాటక్రింద ఎంత వేదన దాగియుండునో దైవజనుని పాదములు పట్టుకొన్న ఆ తల్లి యెఱుగును.

ఢిల్లీకిని కోతకాలము కలదు. అక్టోబరు, నవంబరు మాసములలో పంజాబు, హర్యానా పొలములలో వరికొయ్యలు కాల్చిన పొగ గాలివెంట వచ్చును. అదియొక్కటే కారణము కాదు. వాహనములు, కర్మాగారములు, కట్టడముల దుమ్ము, చెత్తమంటలు ఏడాదిపొడవునను కలవు. చలికాలమున గాలి కదలక, నేలనంటిన చల్లని పొర మూతవలె నిలువగా, అదంతయు క్రిందనే చిక్కుకొనును. అందలి సూక్ష్మధూళి 2.5 మైక్రానులకు మించనిది. తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు. అది ఊపిరితిత్తుల లోపలి అరలవఱకు పోవును. బిడ్డ తన బరువునుబట్టి పెద్దవారికంటె ఎక్కువ గాలి పీల్చును. వాని ఊపిరితిత్తులు కౌమారము ముగియువఱకు ఎదుగుచునే యుండును. కాబట్టి పెద్దవానికి దగ్గు తెచ్చు పొగ పిల్లవాని ఎదుగుదలనే దోచుకొనును. 2002–2005 సంవత్సరములలో ఢిల్లీ పాఠశాలలయందు 11,628 మంది పిల్లలను పరీక్షించిన చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థవారు, నూటికి 43.5 మందిలో ఊపిరితిత్తుల శక్తి తగ్గియుండుట కనుగొనిరి. పోలికకు తీసికొన్న గ్రామసీమల పిల్లలలో అది 25.7 మాత్రమే.

ప్రవక్త మొదట ఏమిచేసెను? తన కఱ్ఱను గేహజీ చేతికిచ్చి పంపెను. గేహజీ పరుగెత్తి, దానిని బాలుని ముఖముమీద పెట్టెను. శబ్దమైనను చలనమైనను లేకపోయెను. కఱ్ఱ దైవజనునిదే, గేహజీ త్వరపడినవాడే. అయినను బిడ్డ లేవలేదు. 2019 నవంబరు 1న ఢిల్లీలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి బడులు మూయబడెను. 2024 నవంబరులోను తరగతులు ఇండ్లనుండియే జరిగెను. అవసరమైన ఆజ్ఞలే అవి. అయితే బడి తలుపు మూసినచో గాలి వీధిలో నిలిచిపోదు; ఒంటిగది కాపురమున కిటికీసందునుండియు అది చొచ్చును. ఆజ్ఞ పంపుట కఱ్ఱ పంపుటయే.

ఇండ్లలోను కఱ్ఱలు కలవు. పిల్లవానికి ఉబ్బసమని వైద్యుడు ఇన్‌హేలర్ వ్రాసియిచ్చును. అది అలవాటగునని భయపడి తండ్రి ఫోనులోనే సిరప్ చాలునని చెప్పును. దగ్గు తగ్గినంతనే మందు ఆగిపోవును. ఇన్‌హేలర్ మత్తుమందు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుటచేత చాల స్వల్పమైన మోతాదు సరిపోవును. వైద్యుని అడుగక దానిని మానుట ప్రమాదకరము. ఆడపిల్లయైనచో, సంబంధములు తప్పిపోవునని ఆ సాధనమును పెట్టెలో దాచు గృహములును కలవు. బిడ్డ ఊపిరికంటె ఇరుగుపొరుగు మాట బరువైనదా?

తల్లి ప్రవక్తను విడువలేదు. ఆయన స్వయముగా రావలసివచ్చెను. ఆయన తలుపు వేసి ప్రార్థించెను. పిమ్మట బిడ్డ నోటిపై తన నోరు, కన్నులపై కన్నులు, చేతులపై చేతులు ఉంచి వానిమీద పొడవుగా పండుకొనెను. దేహము వెచ్చనాయెను గాని కన్ను తెఱవలేదు. ఆయన లేచి ఇంటిలో ఇటునటు నడిచి, మరల వచ్చి అట్లే చేసెను. ప్రార్థన ఆయనను దేహశ్రమనుండి తప్పింపలేదు, దానికే నడిపెను.

అట్టి శ్రమ వ్యర్థము కాదు. 1985లో ఒక న్యాయవాది సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యము ఫలించి, 2002 ముగియునప్పటికి ఢిల్లీ బస్సులు డీజిలు మాని సహజవాయువుతో నడువసాగెను. దక్షిణ కాలిఫోర్నియాలో గాలి క్రమముగా శుభ్రపడగా, 15 ఏండ్ల పిల్లలలో ఊపిరితిత్తుల శక్తి మిక్కిలి తక్కువైనవారు 1998నాటికి నూటికి 7.9 మందియుండగా, 2011నాటికి 3.6కు తగ్గిరని 2015లో ప్రచురింపబడిన పరిశోధన తెలిపెను. పెద్దలు పూనుకొన్నచోట పిల్లల రొమ్ములు విశాలమాయెను.

తండ్రి తానే బిడ్డను వైద్యునియొద్దకు తోడుకొనిపోవచ్చును. మూసిన గదిలో రాత్రియంతయు వెలిగించిన ఒక దోమల కాయిల్, 75 మొదలు 137 సిగరెట్లంత సూక్ష్మధూళి వెదజల్లునని 2003నాటి పరిశోధన తెలుపుచున్నది. దానికి బదులు దోమతెర కట్టవచ్చును. దీపావళినాడు పొరుగువానిని నిందించి, క్రిస్మసు రాత్రి తానే టపాకాయలు కాల్చు విశ్వాసి తన చేతినే పరీక్షించుకొనవలెను. ఇవి చిన్న పనులే. అయినను అవి బిడ్డ చెంతకు వచ్చిన అడుగులు, పంపిన కఱ్ఱలు కావు.

బాలుడు ఏడుమారులు తుమ్మి కన్నులు తెఱచెను. తుమ్మిన బిడ్డను చిరంజీవయని దీవించుట తెలుగు తల్లుల వాడుక. ఆ దీవెన నోటితో పలుకుట సులభము. పీల్చదగిన గాలిగా దానిని బిడ్డకిచ్చుట పెద్దల ఋణము.

ప్రార్థన: మంటి నరునికి ఊపిరినిచ్చిన తండ్రీ, ఈ రాత్రి ఆయాసపడు ప్రతి బిడ్డను జ్ఞాపకము చేసికొనుము. మేల్కొనియున్న తల్లికి తోడుగా తండ్రిని లేపుము. కఱ్ఱ పంపి ఊరకున్నవారిని బిడ్డ చెంతకు నడిపింపుము. ఆమేన్.