కూలి హక్కు... బక్షీసు ఔదార్యం

మొన్న జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు నన్ను ఆపి అడిగారు: "మౌలానా! కొత్త ఇంటికి మారాము. సామాను మోసిన హమాలీలు మాట్లాడుకున్న కూలి తీసుకున్నాక బక్షీసు కూడా అడిగారు. ఇవ్వకపోతే పాపమా? ఇస్తే ఎంత ఇవ్వాలి?"

చిన్న ప్రశ్నే. కాని ఇందులో అద్ల్ (న్యాయం), ఇహ్సాన్ (ఔదార్యం) అనే రెండు గొప్ప విషయాలు ఇమిడి ఉన్నాయి. దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా 90వ ఆయతులో అల్లాహ్ ఈ రెండింటినీ ఆదేశించాడు. ముందు న్యాయాన్ని, తరువాత ఇహ్సాన్‌ను పేర్కొన్నాడు. ఈ వరుసను మనం మరువకూడదు.

కూలి న్యాయానికి సంబంధించినది. శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఉద్బోధించారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని సహీహ్ బుఖారీ హదీసులో ఉంది. బక్షీసు ఇహ్సాన్‌కు సంబంధించినది. అది వాజిబ్ కాదు. ఇవ్వనివాడు పాపి కాడు.

ఇంతటితో జవాబు అయిపోయిందనుకున్నారు ఆ సోదరుడు. నేను అడిగాను: "మీ ఇల్లు ఎన్నో అంతస్తు?" "మూడోది." "లిఫ్టు ఉందా?" "ఉంది గాని ఆ రోజు పనిచేయలేదు." "ఆ సంగతి కూలి మాట్లాడేటప్పుడు చెప్పారా?" ఆయన మౌనం వహించారు. బీరువా, మంచాలు, ఫ్రిజ్ అని చెప్పి బేరమాడారట. తీరా చూస్తే పుస్తకాల పెట్టెలు, బియ్యం బస్తాలు కూడా ఉన్నాయి.

సోదరులారా! ఇక్కడే మనం పొరబడుతున్నాము. చెప్పని మెట్లు ఎక్కించి, చెప్పని బరువు మోయించి, చివర్లో చేతిలో పెట్టే వంద రూపాయలు బక్షీసు కాదు, బాకీ. కూలి నిర్ణయించకుండా చేయించుకున్న పనికి ఆ ప్రాంతంలో సాధారణంగా చెల్లే కూలి ఇవ్వాలి. ఫుఖహాలు దీనినే ఉజ్రతె మిస్ల్ అంటారు. తమ చేతి కింద ఉన్నవారిపై శక్తికి మించిన భారం వేయవద్దనీ, వేస్తే తామూ సాయపడాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. కనుక ముందు బాకీ తీర్చండి. బక్షీసు సంగతి ఆ తరువాత.

మరి బక్షీసు ఎంత? షరీఅత్ దానికి లెక్క కట్టలేదు. మీ స్తోమతను, వారి శ్రమను, ఊరి ఆనవాయితీని చూసుకోండి. అప్పుల్లో ఉన్నవారు చల్లని నీళ్ళు, టీ, ఒక మంచి మాట ఇచ్చినా ఇహ్సానే. దైవప్రవక్త (స) తనకు హిజామా చేసిన అబూ తైబా (రజి)కు కూలి ఇప్పించారు. అంతటితో ఆగలేదు. ఆయన యజమానులతో మాట్లాడి, ఆయన వారికి చెల్లించవలసిన సొమ్మును తగ్గింపజేశారు. డబ్బు ఒక్కటే కాదు, భారం తగ్గించడమూ ఔదార్యమే.

కొన్ని జాగ్రత్తలు అవసరం. బేరంలో మూడు వందలు కోసి, చివర్లో వంద ఇచ్చి దాతలమని మురిసిపోకండి. ఇచ్చేది మేస్త్రీ ఒక్కడికే కాక మోసిన ప్రతి చేతికీ అందేలా చూడండి. ఇచ్చాక దెప్పకండి. దెప్పిపొడవడం, బాధపెట్టడం దానాన్ని వ్యర్థం చేస్తాయని బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది. అలాగే సామాను దించకుండా లారీలోనే ఉంచి బక్షీసు కోసం పట్టుబట్టడం కూలీలకూ ధర్మసమ్మతం కాదు. మనస్ఫూర్తిగా ఇవ్వనిది బక్షీసు కానేకాదు.

ఉర్దూలో బఖ్షిష్ అంటే కానుక. క్షమాపణ అనే అర్థం కూడా ఉంది. ప్రతి నమాజులోనూ మనం అల్లాహ్ బఖ్షిష్ కోసం చేతులు చాస్తాము. మన ఆచరణలను లెక్కగట్టి కూలి ఇస్తే చాలదని మనకు తెలుసు. అందుకే ఆయన కారుణ్యాన్ని అడుగుతాము. అలాంటి మనం, గుమ్మం ముందు చెమటతో నిలబడ్డ మనిషి దగ్గర పైసా పైసా లెక్క చూడటం తగునా?

అల్లాహ్ మనకు హక్కులు తీర్చే నిజాయితీని, ఆపై ఇచ్చే విశాల హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.