మిక్సీ ఆగిపోతే



పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ ఆగిపోయింది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా? ఇందులో ధమ్మం ఏముంది అంటారా? ఉంది.

చండాలులు పగిలిన కుండల్లో తినాలని, చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలని మనుస్మృతి రాసిపెట్టింది. అందుకే పాతదంటే మనకు అవమానం గుర్తొస్తుంది. కొత్తది కొనుక్కోవడం తప్పు కాదు. మతం పేదరికాన్ని గొప్ప చేయకూడదని బాబాసాహెబ్ 1950లోనే చెప్పారు.

మరి వినయపిటకం ఏమంటోంది? 500 చీవరాలు దానంగా అందుకున్న ఆనందుణ్ని, పాతవి ఏం చేస్తారని ఉదేన రాజు అడిగాడు. పక్కమీద పరుస్తాం, తర్వాత కాళ్లు తుడుచుకుంటాం, చివరికి చీల్చి మట్టిలో కలిపి నేలకు మెత్తుతాం అన్నాడు ఆనందుడు. అది లేమి కాదు, ఎరుక.

మనమూ ముందు కారణం వెతకాలి. ప్లగ్ తీసి, చల్లారాక మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి చూడండి. కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో చూపించండి. చిన్న భాగం మారిస్తే సరిపోయేదానికి కొత్తది కొంటే అది తృష్ణ. మోటారే కాలిపోయి, ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరైతే నిస్సంకోచంగా కొనండి.

ఒక్కటి మాత్రం చేయకండి. ఆ పాడైన మిక్సీని ఇంట్లో పనికొచ్చే అక్క చేతిలో పెట్టి దానం అనకండి. మన పెద్దల చేతుల్లో పెట్టిందీ అలాంటిదే కదా!