పేరు ఎక్కడ నిలవాలి?

నవంబరు 2 సమాధుల పండుగ. ముందురోజు నరసాపురం దగ్గర ఒక సమాధుల తోటలో సున్నం వేస్తున్న మేస్త్రీకీ, కాలవగట్టున ఆగిన తెలుగు మాస్టారికీ మధ్య సాగిన మాట ఇది.

మాస్టారు: మేం దహనం చేసి అస్థికలు గోదారిలో కలిపేస్తాం. పోయినవాణ్ణి రాతికింద ఒకచోట కట్టెయ్యడం దేనికి మేస్త్రీ?

మేస్త్రీ: మరి పేరెక్కడుంటదండి?

మాస్టారు: నోట్లో. తద్దినంనాడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పి పిండం పెడతాం. వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా తలుస్తాం. ఆపై తరాల పేర్లెత్తం. ఆ మరుపు శాస్త్రం ఒప్పుకున్నదే.

మేస్త్రీ: ఈ ఉప్పుగాలికి నా అక్షరాలూ అంతకంటే నిలవవండి. కానీ మీ తాతగారి పేరు పొలం దస్తావేజులోనూ ఉంటది. మా తాత పేరు దేంట్లోనూ లేదు. మొదటిసారి రాసింది ఇదిగో, ఈ రాతిమీదేనండి.

ఇక్కడ నేను మేస్త్రీ పక్షమే. సెంటు జాగా దొరికితే కొబ్బరి మొక్కో చేపల చెరువో వచ్చే డెల్టా ఇది. పూడ్చుకునే పేటలవాళ్ళకి సమాధి రాయి జ్ఞాపకమే కాదు, హద్దురాయి కూడా.

మాస్టారు: కాటన్ దొర 1899లో పోయాడు. సమాధి ఇంగ్లండులో, డోర్కింగ్‌లో ఉంది. మనవాళ్ళెంతమంది చూశారు? అయినా గోదారి స్నానంలో ఆయన్ని తలుచుకుని సంకల్పం చెప్పే పురోహితులున్నారు. రాయి లేకుండానే పేరు నిలిచింది కదా!

మేస్త్రీ: రాయి లేకపోవడమేంటండి? ధవళేశ్వరం ఆనకట్టంతా ఆయన రాయే. 1847 నుంచి 1852 దాకా అక్కడ బండలు మోసినోళ్ళ పేర్లు చెప్పండి చూద్దాం.

మాస్టారు: చెప్పలేను.

మేస్త్రీ: పేరు రాసుకోవాల్సింది వాళ్ళేనండి.

మాస్టారు: ఆ మూల సమాధులకి పేర్లు లేవే?

మేస్త్రీ: అవి ఎవరివో తెలీదండి. నాలుగు ఇటుకలు పేర్చి సిలువ నిలబెట్టాం. ఏటా వాటికీ సున్నం వేస్తాను.

మాస్టారు: మా తర్పణంలోనూ చివర్న, నా అన్నవాళ్ళు లేకుండా పోయినవాళ్ళకి నీళ్ళు వదులుతాం. పేరు అడగం.

మేస్త్రీ: ఆయ్, మంచి మాటండి. రెండూ ఒకటే.

మాస్టారు: ఒకటే అయితే నీకీ ఇటుకలెందుకు? నీళ్ళు చాలవా?

మేస్త్రీ: దేవుడికి చాలుతాయండి. రేపెవరైనా గొలుసు పట్టుకొచ్చి ఈ గట్టు కొలిస్తే, ఆ నీళ్ళు ఎక్కడ చూపించమంటారు?