పరుగు కైంకర్యమగునా?

తిరుమల కొండను కాలినడకన ఎక్కుచున్న భక్తుని చూచి, వాహనములో పోవువాడు "స్వామి దర్శనము ఇద్దరకును ఒక్కటియే గదా, ఈ శ్రమ యెందులకు?" అని అడుగవచ్చును. భక్తుడు గోవింద నామము పలికి మరియొక మెట్టు ఎక్కునే గాని బదులు చెప్పడు. ఇట్టి ప్రశ్నయే దానవిషయమునను పుట్టుచున్నది. జబ్బుపడిన శిశువుల చికిత్సకై ధనము కూర్చవలెనని కొందరు మారథాన్ అను సుదీర్ఘమైన పరుగునకు పూనుకొందురు. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. వారి పూనికను చూచి బంధుమిత్రులు, అపరిచితులు కూడ ఆ సేవాసంస్థకు విరాళములిత్తురు. ఇవ్వదలచినవారు ఊరకయే ఇవ్వవచ్చును గదా! ఒకని కాళ్ళనొప్పి ఇంకొకరి బిడ్డకు ఔషధమగునా?

ఈ సందేహము కలిగినవారికి ఫౌజా సింగ్ జీవితము ఆలోచింపదగినది. ఆయన పంజాబులోని జలంధరు జిల్లా బియాస్ పిండ్ గ్రామమున జన్మించిన సిక్కు రైతు. పాస్‌పోర్టు ప్రకారము జన్మదినము 1911 ఏప్రిల్ 1. కాళ్ళు బలహీనమగుటచే ఐదేండ్ల వరకు సరిగా నడువలేకపోయెను. వార్ధక్యమున భార్యను కోల్పోయెను. 1994లో ఒక కుమారుడు ప్రమాదమున మరణించెను. ఇంగ్లండులో మరియొక కుమారుని యింట నివసించుచు, ఆ శోకమునుండి తేరుకొనుటకు ఆయన పరుగును ఆశ్రయించెను. 2000 సంవత్సరమున, 89 ఏండ్ల ప్రాయమున, లండన్ మారథాన్‌ను 6 గంటల 54 నిమిషములలో ముగించెను. ఆ పరుగు బ్లిస్ అను సంస్థకు ధనము కూర్చుటకై చేసినది. 1979లో ఏర్పడిన ఆ సంస్థ, నెలలు నిండకమునుపే పుట్టిన శిశువులకును వారి తల్లిదండ్రులకును అండగా నిలుచుచున్నది. జీవితపు తుదిమెట్టుపై నున్న వృద్ధుడు, తొందరపడి లోకమునకు వచ్చిన పసికందు కొరకు పరుగెత్తెను.

భగవద్గీత 17వ అధ్యాయమున శ్రీకృష్ణుడు దానమును, తపస్సును మూడేసి విధములుగా విభజించెను. ప్రత్యుపకారము చేయలేనివానికి, ఇవ్వవలెనను బుద్ధితో ఇచ్చునది సాత్త్వికదానము. నెలలు నిండని శిశువుకంటె ప్రత్యుపకారము చేయలేనివారెవరు? వెచ్చదనమునకై గాజుపెట్టెలో పరుండిన ఆ బిడ్డకు దాత పేరు తెలియదు, కృతజ్ఞత తెలుప మాట రాదు. అదే అధ్యాయములో ఒక హెచ్చరికయు కలదు. మెప్పు కొరకు చేయు తపస్సు రాజసము, మూఢపట్టుదలతో శరీరమును హింసించుకొనునది తామసము. కావున కేవలము నొప్పికి పుణ్యము లేదు. పతకము మెడలో పడగానే బిడ్డను మరచినవాని పరుగు వ్యాయామమే యగును.

మరి శ్రమకు విలువ యెక్కడ? శ్రీమద్భాగవతము నవమస్కంధములోని రంతిదేవుని చరిత్ర దీనిని తెలుపును. 48 దినములు ఆకలిదప్పులతో గడిపి, తుదకు లభించిన అన్నమును అతిథులకు పంచి, మిగిలిన నీటిని కూడ దప్పిగొన్నవానికి ఒసగిన ఆ మహారాజు, అతని దప్పి తీరుటతో తన అలసటయు తీరినదని భావించెను. దప్పి యెట్టిదో యెరిగినవాడు ఇచ్చిన నీరది. ధనము రోగిని చేరును. శ్రమ దాత హృదయమును రోగి చెంతకు చేర్చును. ఊపిరికై పోరాడు పసికందు బాధ పరుగెత్తువానికి పూర్తిగా తెలియదు. అయినను ఊపిరి చాలని ఆ కొన్ని గడియలలో దాని నీడయైనను అతనికి సోకును. అది చూచినవారి మనస్సు కూడ కదలును.

మొదటి 20 మైళ్ళు కష్టము గావనియు, కడపటి 6 మైళ్ళు భగవంతునితో మాటలాడుచు పరుగెత్తుదుననియు ఫౌజా సింగ్ చెప్పెడివాడు. సంప్రదాయము వేరైనను ఈ మాట మెట్లెక్కు భక్తునకు క్రొత్తది కాదు. 2011లో నూరేండ్ల ప్రాయమున ఆయన టొరంటో మారథాన్‌ను పూర్తిచేసినను, జనన ధ్రువపత్రము లేనందున గిన్నిస్ రికార్డులలో ఆ ఘనత చేరలేదు. శిశువులకు అందిన సాయమునకు మాత్రము ఆ పత్రముతో పనిలేకపోయెను. 2025 జూలై 14న స్వగ్రామ సమీపమున వాహనము ఢీకొని ఆయన కన్నుమూసెను.

అందరును పరుగెత్తనక్కరలేదు. చేయునది, ఇచ్చునది, తపించునది యంతయు తనకే అర్పింపుమని గీత 9వ అధ్యాయమున భగవానుని ఆనతి. హుండీలో కానుక వేయునప్పుడు, తన ఊరి ఆసుపత్రిలో నున్న ఒక్క బిడ్డను తలచుకొని, ఆ తల్లికి తోడుగా ఒక రాత్రి మేల్కొందుననియో, రక్తము నిత్తుననియో మ్రొక్కుకొని, ఆ మ్రొక్కును ఇంటికి పోయిన వెనుక మరువక తీర్చుకొన్నవాని శ్రమ శ్రీనివాసునకు ప్రీతికరమైన కైంకర్యమే యగును.