అందించిన చేతికి బాధ్యత లేదా?

గురువులను తీర్చిదిద్దు గురువు ఒకరు తన శిష్యుల యెదుట నిలిచి, "నేను తప్పు చేసితిని, దిద్దుకొను విధము నాకు తెలియదు, మీరు నేర్పవలయును" అని చెప్పుట తగునా? తగునని మేమిప్పుడు నమ్ముచున్నాము. కాని ఆ సంగతి జరిగిన దినములలో తగదని గట్టిగా వాదించినవారము మేమే. ఎందుకు వాదించితిమో, ఆ వాదమును ఎందుకు విడిచితిమో సంఘమువారి ఈ సంచికయందు పాఠకమహాశయులకు విన్నవించుకొనుచున్నాము.

మాది హోట్గి రోడ్డు నేతవాడ. మా తాతగారి తరమువారు తెలంగాణము విడిచి, మగ్గమును నమ్ముకొని సోలాపూర్ చేరిరి. మేము మెట్రిక్ గట్టెక్కి, ఒక కచేరీలో గుమాస్తా కొలువున ముప్పదియెనిమిదేండ్లు కాగితములు సర్ది విశ్రాంతి పొందితిమి. మా చెల్లెలు మాకంటె చురుకైనది. మా తల్లి చాట ముందు కూర్చుండి చుట్టిన బీడీల కూలితోనే ఆమె ఎం.ఏ., ఎం.ఎడ్. ముగించి, ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అధ్యాపకురాలైనది. ఈ జిల్లా పల్లెలలో నేడు పాఠము చెప్పు పంతుళ్ళలో ఆమెచేత అభ్యాసపాఠములు దిద్దించుకొన్నవారు తక్కువమంది కారు. నల్లబల్లపై ఒక అక్షరము వంకరపోయినను ఊరకొనని మనిషి.

2018వ సంవత్సరము నాటికి ఆమె వద్ద కొడుకు కొనియిచ్చిన చేతిఫోను ఉండెను. దానితో ఆమెకు తెలిసిన పనులు రెండే: పిలుపు వచ్చినపుడు పలుకుట, వాట్సాప్‌లో వచ్చినదానిని పదిమందికి అందించుట. ఆ వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని మరాఠీలో ఒక వార్త, దానికి తోడు ఒక చిన్న చలనచిత్రము ఊరూర వ్యాపించినవి. తన శిష్యులు రేపు పల్లెబడులకు పోవువారు, పిల్లల విషయమున జాగ్రత్తగా నుందురుగాక యను మంచి తలంపుతోనే ఆమె దానిని శిక్షణార్థుల సమూహమునకు అందించినది. వారు తమ తమ ఊళ్ళకు అందించిరి.

జూలై 1వ తేదీ ఆదివారము. ధుళే జిల్లా సాక్రీ తాలూకా రైన్‌పాడా గ్రామమున వారపు సంత. భిక్షాటనకై వచ్చిన ఐదుగురు సంచారజాతివారిని పిల్లల దొంగలని భ్రమించి జనము పట్టుకొని, పంచాయతీ గదిలో త్రోసి కొట్టి చంపిరి. మృతులు నాథపంథీ డవరీ గోసావీలు. వారిలో ఎక్కువమంది మన సోలాపూర్ జిల్లాలోని మంగళవేఢె తాలూకావారే. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థవారు మన దేశమున ఒక వార్తను ఒక్కమారు ఐదు చోట్లకు మించి అందింప వీలులేకుండ కట్టడి చేయుదుమని ప్రకటించిరి. మరణించినవారు ఐదుగురు, కట్టడియు ఐదే. ఇది కాకతాళీయమే యైనను మా మనస్సునుండి తొలగలేదు.

రెండు దినముల తరువాత మా చెల్లెలు వార్తాపత్రిక చేతబట్టుకొని వచ్చి మా అరుగుపై కూర్చుండినది. "అన్నా, ఆ మాట నా చేతిమీదికెల్లి గూడ పోయింది గదా" అన్నది.

మేము ఓదార్చితిమి. ధుళే యెక్కడ, హోట్గి రోడ్డెక్కడ? ఆ మాట నీవు పుట్టించినది కాదు. నీకు వచ్చినదానిని నీవు అందించితివి. ఉత్తరమున విషమున్నచో తపాలా జవానునకు పాపమంటునా? ఇట్లు చాల చెప్పితిమి. ఆమె అంతయు విని, "కచేరిల నువ్వు సంతకం లేని కాయిదం పైకి పంపేటోనివా, అన్నా?" అని మాత్రమడిగి లేచిపోయినది.

ఆ ప్రశ్న మమ్ము ఆ రాత్రి నిద్రపోనీయలేదు. కచేరీ పద్ధతి నెరుగనివారికి కొంత వివరింపవలయును. మహారాష్ట్రమున ప్రతి కచేరీలోను ఆవక పుస్తకము, జావక పుస్తకము అని రెండుండును. వచ్చిన కాగితమునకు ఆవకలో సంఖ్య వేసి, అది యెవరినుండి, ఏ తేదీన, ఏ విషయమై వచ్చినదో వ్రాయవలయును. పిమ్మట గుమాస్తా దానిని చదివి, పాత దస్త్రముతో పోల్చి, ప్రక్కన నాలుగు పంక్తుల టిప్పణము వ్రాసి, పొట్టి సంతకము చేసి పైకి పంపవలయును. తపాలా జవాను మూతవేసిన కవరును మోయును. దానిలో ఏమున్నదో అతడెరుగడు, ఎరుగరాదు కూడ. గుమాస్తా విప్పి, చదివి, పంపును. కనుక జవానునకు లేని బాధ్యత గుమాస్తాకు కలదు. చేతిఫోనులో వచ్చిన వార్తను చదివి, నమ్మి, తన పేరుమీద పదిమందికి అందించువాడు జవాను కాడు, గుమాస్తాయే. పైగా మా చెల్లెలివంటివారు అందించినపుడు, ఎవ్వరును వ్రాయని టిప్పణమొకటి ఆ వార్త ప్రక్కన వెలయును: "మా మేడమ్‌గారు పంపినారు" అనునది. ఆ టిప్పణమును చూచియే శిష్యులు నమ్మిరి.

ఇచ్చట మా సంగతియు దాచక చెప్పవలయును. కొలువున చేరిన క్రొత్తలో ఒక ఆకాశరామన్న ఉత్తరము మా బల్లపైకి వచ్చినది. తోటి ఉద్యోగి యొకనిపై లంచము నేరము మోపిన ఉత్తరమది. సంతకము లేని కాగితమును పైకి పంపవలసిన పనిలేదు. ఐనను మేము సంఖ్య వేసి, టిప్పణమేదియు వ్రాయక, "అవలోకనార్థము" అను ఒక్క మాటతో పైకి పంపితిమి. మేము అబద్ధమాడలేదు, ఒక్క అక్షరము చేర్చలేదు. విచారణ తొమ్మిది నెలలు సాగినది, నేరము నిలువలేదు. ఆ తొమ్మిది నెలలు ఆ మనిషి సగము జీతముతో ఇల్లు గడిపినాడు. కుదిరిన కూతురి పెండ్లి చెడిపోయినది. అతడు మమ్మేనాడును నిందింపలేదు, పంపినది మేమని యెరుగడు గనుక. చెల్లెలిని ఓదార్చు నెపమున మేము ఎవరిని ఓదార్చుకొనుచుంటిమో ఆ రాత్రి తెలిసినది.

పాపఫలమున చేసినవానికే గాక ఔనన్నవానికిని పాలు కలదని పెద్దలందురు. కాని ఎంత పాలు? ఒక మాట లక్ష చేతులు మారినది గనుక ఒక్కొక్కరిది లక్షవ వంతని లెక్కకట్టినచో ఎవ్వరి వాటాకును చిటికెడైనను రాదు. పోయినవారి ప్రాణములు మాత్రము పూర్తిగా పోయినవి. పంచినకొలది తరుగునది ఆస్తి. ఇది అట్టిది కాదు. మా బుద్ధికి తోచినంతవరకు, పంపుటకు ముందు నిలిచి అడుగగల శక్తి ఎవరికి ఎంత కలదో వారి పాలు అంత. చదువురాని కూలికంటె గుమాస్తాది ఎక్కువ, గుమాస్తాకంటె గురువుది ఎక్కువ. గురువులను తయారుచేయువారి మాట చెప్పనక్కరలేదు.

జరిగినదంతయు తరగతిలో చెప్పెదనని ఆమె యనినపుడు మేము వలదంటిమి. గురువు మాటపై నమ్మకము సడలినచో విద్య నిలువదని మా భయము. ఆమె వినలేదు, చెప్పినది. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదట. పిమ్మట ఒక విద్యార్థి లేచి తానును మూడు సమూహములకు పంపితిననెను. ఒక యువతి తన యూరి సంతలో గాజులమ్మ వచ్చిన స్త్రీని జనము చుట్టుముట్టి నిలదీసిరని చెప్పినది. వారిలోనే యొకడు ఆ చలనచిత్రము మూలమును వెదకి చూపినాడు. అది కరాచీ నగరమున పిల్లల క్షేమము కొరకు తీసిన ప్రచారచిత్రము. మోటారుసైకిలుపై బిడ్డను ఎత్తుకొనిపోయినవాడు చివరకు బిడ్డను తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపును. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించి లోకముమీదికి వదలిరి.

"ఇది నీవెట్లు కనుగొంటివి? నాకు నేర్పుము" అని ఆమె ఆ కుర్రవాని ప్రక్క కూర్చుండినది. ఏబదిమూడేండ్ల వయస్సున ఆమెకు రెండవ అక్షరాభ్యాసము ఆనాడు జరిగినది. వెనుకబడుదుమను భయముచే యంత్రవిద్య నేర్చువారు కలరు, జీతము పెరుగునని నేర్చువారు కలరు. ఆమె అప్పు తీర్చుకొనుటకు నేర్చినది.

మా యీడువారు కొందరు, ఇంత యనర్థమున్నచో ఫోనే వలదనరాదా యనిరి. ఫోను తాకక శుచిగా నుండవచ్చును. కాని ఆమె పంపిన మాట అప్పటికే బయట తిరుగుచున్నది; ఆమె శిష్యుల చేతులలో ఫోనులున్నవి. గురువు తప్పుకొన్నంతమాత్రమున వారు తప్పుకొందురా?

2020 మార్చి 25న దేశమంతట తాళములు పడి, తరగతులు ఫోనులోనికి మారినపుడు ఆ చదువు అక్కరకు వచ్చినది. అయినను తెలియనిదే యెక్కువ. మా వీధిలో కండెలు చుట్టువారి పిల్లవాడొకడు, పదవ తరగతివాడు, ముఖమునకు గుడ్డ కట్టుకొని గుమ్మము వెలుపల నిలిచి, "అట్ల గాదు పెద్దమ్మా, ఆడ నొక్కుండ్రి" అని ఆమెకు దారి చూపుచుండెను. ఇంటివారు నవ్విరి. ఆమె నవ్వలేదు. పాఠము రాని పిల్లవాని మనస్సు నెరుగుడని ఇన్నేండ్లు శిక్షణార్థులకు చెప్పితినే గాని, రాకపోవుట ఎట్లుండునో నేనే మరచితిని, అనెను.

నిజమునకు యంత్రమన్నచో మన నేతవారు బెదరవలసిన పనిలేదు. సోలాపూర్ చద్దరుపై పూలు పూయించునది జకార్డు అట్టలు. ఫ్రాన్సు దేశమున లియోన్ నగరవాసి జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున నెలకొల్పిన పద్ధతి యది. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఇంగ్లండున చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఆ అట్టలనే వాడదలచెను. అమెరికాలో 1890 జనాభాను హోలెరిత్ యంత్రములు రంధ్రముల అట్టలతోనే లెక్కించినవి. కంప్యూటరు ఆ వంశమునకు చెందినదే. గళ్ళ కాగితముపై నక్షాకారుడు గడి తరువాత గడి నింపుటను చూచిన కన్నులకు, 1994లో జపానున డెన్సో సంస్థవారు రూపొందించిన క్యూఆర్ చదరము వింతగా తోచదు.

ఆ చదరమును బడిపుస్తకములోనికి తెచ్చి పేరు గడించినవారు మన జిల్లా ఉపాధ్యాయుడే. మాఢా తాలూకా పరితేవాడి జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన రణజిత్‌సింహ్ డిసలే గురువుగారికి 2020 డిసెంబరు 3న పది లక్షల డాలర్ల ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారము ప్రకటింపబడినది. అందు సగము తనతో తుదివరకు నిలిచిన తొమ్మండుగురికి పంచియిచ్చుట పత్రికలు చదివినవారందరు ఎరుగుదురు. మాకు అంతకంటె గొప్పగా తోచినది మరియొకటి కలదు. 2009లో ఆయన పోవునాటికి ఆ బడి పశువుల కొట్టము ప్రక్కన పాడువడిన కట్టడము. అక్కడి బాలికల ఇంటిభాష కన్నడము. పుస్తకములు ఆ భాషలో లేవు. ఆయన మొదట తాను కన్నడము నేర్చి, పుస్తకములను వారి భాషలోనికి మార్చి, ఆ తరువాతనే పుటలలో చదరములు చేర్చి, వాని వెనుక పద్యములు, కథలు, పాఠములు ఉంచెను. 2017లో రాష్ట్ర ప్రభుత్వము అన్ని తరగతుల పుస్తకములకు ఆ పద్ధతిని ప్రకటించినది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ పలుకు పిల్లలను పెంచిన మనకు ఇందలి వరుస విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ బాధ్యతలకు పాశ్చాత్యులు డిజిటల్ పౌరసత్వమని పేరుపెట్టిరి. అమెరికాలో మైక్ రిబుల్ అను విద్యావేత్త దానిని తొమ్మిది అంగములుగా విభజించెను. మా చెల్లెలు తొమ్మిదియు నేర్చి, శిష్యులకు నేర్పినది. మాకు మాత్రము రెండే గుర్తున్నవి: అందించుటకు ముందు అడుగుట, వ్రేలు మోపుటకు ముందు చదువుట.

రెండవదానికి మా చిన్ననాటి జ్ఞాపకమే సాక్ష్యము. నేతకూలీలు సావుకారు వద్ద బయానా తీసికొని కాగితముపై వ్రేలిముద్ర వేయుట కన్నార చూచితిమి. చదివి చెప్పువారు లేరు. అక్షరములు వచ్చిన పొరుగువాడొకడు సాక్షిగా సంతకము చేయును, తానును చదువక. నేడు ఫోనులో "సమ్మతించుచున్నాను" అను గడిపై మోపునది ఆ వ్రేలే. మేమును ఎన్నడును చదివి మోపలేదు. బడులలో పిల్లల ఛాయాచిత్రములు తీసి, పేరు, తరగతి, మార్కులతో సమూహములలో ఉంచుట మామూలైనది. ఆ తల్లిని అడిగినవారు అరుదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారినెల్ల బాలలుగా నెంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. దాని నియమములు 2025 నవంబరున వెలువడినవి. అమలు అంచెలంచెలుగా జరుగవలసియున్నది. సమ్మతి కోరు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలు భాషలలో కోరినదానిలో చదువుకొను వీలుండవలెననియు ఆ చట్టమున కలదు. అనగా తెలుగులోను. సంతోషమే. కాని తెలుగు మాటాడు మన తల్లులలో తెలుగు చదువగలవారెందరు?

మా చెల్లెలు 2023లో విశ్రాంతి పొందినది. సాయంకాలము మా అరుగుపై కూర్చుండును. గత మాసమున వీధి చివరి ఇంటి బీడీకార్మికురాలు ఫోను తెచ్చి చూపినది. ఆరవ తరగతి చదువు ఆమె బిడ్డ ఛాయాచిత్రమునకు బడివారు అనుమతి కోరుచున్నారు. చెల్లెలు పంక్తి పంక్తిగా తెలుగు చేసి వినిపించినది. ఆ తల్లి చేతులకంటిన తంబాకు దులుపుకొని, "ఈ ఫోటో ఎవలెవలు చూస్తరక్కా? ఎన్నొద్దులు ఉంటది?" అని అడిగినది. అందులో ఆ మాట లేదు. "నాకు గూడ తెల్వదు. పొద్దున బడికి పోయి అడుగుదాం పా" అని మా చెల్లెలు అన్నది. మరునాడు ఇద్దరును పోయిరి. వారు తిరిగివచ్చువరకు ఫోను మా వద్దనే ఉండెను, ఆ గడి ఖాళీగానే యుండెను.