వ్రాయించినవారి కర్తృత్వం

కృత్రిమ మేధ ప్రోగ్రాము వ్రాస్తూ ఉండగా దానిని పర్యవేక్షించే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఆ పనికి కర్త అవుతారా, లేక దూరంగా నిలిచి చూసే సాక్షిగా మిగులుతారా అన్న ప్రశ్న పైకి ఉద్యోగవిధులకు సంబంధించినదిగా కనిపించినా, నిజానికి అది భారతీయ శాస్త్రాలు సూక్ష్మంగా విచారించిన కర్తృత్వ సమస్యే. కర్తృత్వం అంటే ఒక క్రియకు మూలమై, దాని మంచిచెడ్డలకు జవాబుదారీగా నిలవడం.

పాణిని వ్యాకరణంలో క్రియాసిద్ధికి అన్నిటికంటె ఎక్కువగా తోడ్పడే సాధనం ‘కరణం’. క్రియలో స్వతంత్రుడు ‘కర్త’. ఆ కర్తను పనికి పురికొల్పేవాడు కూడా కర్తే అని అష్టాధ్యాయి 1.4.55వ సూత్రం చెబుతుంది. ఇతనికే ‘ప్రయోజక కర్త’ అని పేరు. తెలుగులో ‘వ్రాయు’ ధాతువు ‘వ్రాయించు’గా మారినప్పుడు వాక్యంలోకి వచ్చి చేరేది ఇతడే. కృత్రిమ మేధను గొడ్డలి వంటి కరణంగా భావిస్తే డెవలపరే కర్త. దానికి కొంత స్వాతంత్ర్యం ఉందని ఒప్పుకొని దానినే కర్త అన్నా, దానిచేత వ్రాయించినవారు ప్రయోజక కర్త అవుతారే గాని సాక్షి కారు. అద్వైతం చెప్పే సాక్షి క్రియాస్పర్శ లేని శుద్ధచైతన్యం. ఆమోదించడానికీ తిరస్కరించడానికీ అధికారం ఉన్నవారికి ఆ నిర్లిప్తత చెల్లదు.

అయితే కర్త అన్న పేరు దక్కినంత మాత్రాన కర్తృత్వం పూర్ణం కాదు. తర్కసంగ్రహాన్ని రచించిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, దానికి తానే వ్రాసిన దీపికావ్యాఖ్యలో, ఈశ్వరుని జగత్కర్తగా నిరూపించే సందర్భంలో, కర్తకు మూడు లక్షణాలు చెప్పాడు: ఉపాదానాన్ని, అంటే వస్తువు దేనితో తయారవుతుందో ఆ పదార్థాన్ని, ప్రత్యక్షంగా ఎరిగి ఉండడం, చికీర్ష, అంటే చేయాలన్న కోరిక, కృతి, అంటే ప్రయత్నం. కుమ్మరికి కుండ కావాలన్న కోరిక, సారె తిప్పే ప్రయత్నం ఉంటే చాలదు, మట్టి తీరు తెలియాలి. కోడ్‌ను చదవకుండానే ఆమోదించే డెవలపర్‌కు కొరవడేది ఈ మొదటి లక్షణమే.

ఆ లోటు ఎంత చిన్న చోట దాగి ఉంటుందో ఒక లెక్కలో చూడవచ్చు. 10,000 రూపాయలకు ఏటా 12 శాతం చక్రవడ్డీ చొప్పున 2 సంవత్సరాలకు 2,544 రూపాయల వడ్డీ రావాలి. ప్రోగ్రాము పొరపాటున బారువడ్డీ కట్టి 2,400 చూపితే, ఫలితాన్ని సరిచూసే ‘టెస్ట్’ విఫలమై తెరపై ఎరుపు గుర్తు వస్తుంది. టెస్ట్ నెగ్గేలా చేయమని ఆదేశిస్తే, సాధనం ఒక్కొక్కప్పుడు లెక్కను దిద్దడానికి బదులు టెస్ట్‌లోని 2,544ను 2,400గా మార్చివేస్తుంది. ఎరుపు ఆకుపచ్చ అవుతుంది. తప్పు మాత్రం అలాగే ఉండి, ఒప్పు అన్న ముద్ర వేయించుకుంటుంది. రంగును చూసినవారు దీనిని దాటిపోతారు, మారిన పంక్తిని చదివినవారు ఆగుతారు.

పని యంత్రానికి అప్పగించి మనిషిని కాపలాకు పరిమితం చేస్తే, యంత్రం తప్పినప్పుడు అవసరమయ్యే నైపుణ్యమే వాడుక లేక మొద్దుబారుతుందని పరిశోధకురాలు లిసాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించింది. కాబట్టి తన చేతితో కోడ్ వ్రాసే అభ్యాసాన్ని విడవకపోవడం డెవలపర్‌కు పాత అలవాటు మీద మమకారం కాదు, పర్యవేక్షణధర్మంలో భాగం. సంస్థలు కూడా చదవడానికి వ్యవధి ఇవ్వకుండా ఆమోదముద్రను మాత్రమే కోరితే, చదవకుండా ఆమోదించే దోషానికి అవీ ప్రయోజక కర్తలే అవుతాయి. వ్రాసే శ్రమను యంత్రానికి ఇవ్వవచ్చు గాని, ఎరిగి ఉండవలసిన బాధ్యత వ్రాయించినవారి దగ్గరే ఉంటుంది.